అంగడి మూతపడే లెక్క, మిద్దె మీద మొలిచే కొసరు

బెంగళూరులో ఒక ప్రొవిజన్ స్టోర్ మూతపడితే వీధి చెప్పే కారణం ఒక్కటే: "పది నిమిషాల్లో ఇంటికే తెచ్చిచ్చేవాళ్లు వచ్చాక ఇంక అంగడికి ఎవరు పోతారు?" ఇది సగం నిజం. ఆ అంగడికి ఆఖరి రోజు వరకూ జనం వస్తూనే ఉంటారు. పొద్దున పాలకి, సాయంత్రం కొత్తిమీరకి, నెలాఖరున అరువుకి. ముందర మనుషులు నిలబడి ఉండగానే గళ్లాపెట్టె ఎలా ఖాళీ అవుతుందన్నదే అసలు ప్రశ్న. అది అర్థం కాకపోతే ఎప్పుడు మూయాలో తెలియదు, మూశాక ఎవరి మీద కోపం పెట్టుకోవాలో అంతకన్నా తెలియదు.

కేఆర్ పురం, రామమూర్తినగర్, మారతహళ్లి వైపు హిందూపురం, మదనపల్లె, చిత్తూరు, కోలారు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు నడిపే అంగడి లాంటిది ఒకటి ఊహించుకుందాం. అంకెలు ఉదాహరణకే గానీ పద్ధతి ఏ అంగడికైనా ఒకటే. రోజుకి అమ్మకం 15,000 రూపాయలు. అన్ని సరుకులూ కలిపి సగటున 12 శాతం మిగులుతుందనుకుంటే చేతికి 1,800. నెల బాడుగ 15,000, అంటే రోజుకి 500. ఫ్రిజ్‌లూ లైట్లూ కలిపి కరెంటు 150. ఆటో కిరాయి, కవర్లు, పన్ను, లైసెన్సులు 250. ఇలా 900 పోగా ఇంకో 900 ఇంటికి. నెలకి 27,000. మొగుడూ పెళ్లాలిద్దరూ పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా నిలబడితే వచ్చేది అది.

ఇప్పుడు బేరం 30 శాతం తగ్గింది. అమ్మకం 10,500. అదే 12 శాతం మీద 1,260 వస్తుంది. బాడుగ తగ్గదు, ఫ్రిజ్ ఆపలేం. 900 పోతే మిగిలింది 360. బేరం మూడో వంతు కూడా తగ్గలేదు, ఇంటికొచ్చేది మాత్రం సగానికి సగం పైనే పడిపోయింది. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేసి, ఇంకా కష్టపడితే నెట్టుకురావచ్చు అనుకుంటారు.

దెబ్బ ఇంకో చోట తగులుతుంది. యాప్‌కి వెళ్లిపోయేది ఏ సరుకు? షాంపూ, డిటర్జెంట్ లిక్విడ్, చాక్లెట్లు, బాదం జీడిపప్పు, డైపర్లు. కాస్త మిగిలేవన్నీ. అంగట్లో ఉండిపోయేది పాల ప్యాకెట్టు, సిగరెట్టు, చక్కెర. వీటి మీద మిగిలేది పైసల్లో. అందుకని బేరం తగ్గడంతో పాటే సగటు మిగులు కూడా 12 నుంచి 9 శాతానికి జారుతుంది. 10,500 మీద 9 శాతం అంటే 945. ఖర్చులు 900. ఇద్దరు మనుషులు పదిహేడు గంటలు నిలబడితే రోజుకి 45 రూపాయలు. ఈ 45ని చూడకుండా "ఈ పండగ దాటితే సర్దుకుంటుంది" అని రెండేళ్లు లాగిన అంగళ్లు, ఆ రెండేళ్ల తేడానీ బంగారం కుదవపెట్టి పూడ్చాయి.

దీన్నే ఒక సూత్రంగా గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. రోజువారీ స్థిర ఖర్చుని మిగులు శాతంతో భాగిస్తే కనీసం ఎంత అమ్మాలో తెలుస్తుంది. 12 శాతం మీద 900 రావాలంటే 7,500 అమ్మాలి. 9 శాతానికి పడితే అదే 900 కోసం 10,000 అమ్మాలి. అమ్మకం కిందికి దిగుతుంటే అమ్మాల్సిన మొత్తం పైకి ఎక్కుతుంది. ఈ రెండు గీతలూ వరసగా మూడు నెలలు తాకుతూ ఉంటే సర్దుకోవడం అన్న మాట లేదు.

అరువు పుస్తకం ఇంకో దెబ్బ. యూపీఐ ఉన్నవాడు, జీతం ఒకటో తేదీన పడేవాడు ముందు యాప్‌కి వెళ్తాడు. పద్దు రాయించుకునేవాడు ఎక్కడికీ పోడు, యాప్ అరువివ్వదు కదా. దాంతో అమ్మకం తగ్గినా బయట ఉన్న బాకీ తగ్గదు. 15,000 బేరంలో 60,000 అరువు ఉంటే నాలుగు రోజుల అమ్మకం. అదే 60,000 ఇప్పుడు దాదాపు ఆరు రోజుల అమ్మకం. ఆ మేరకు సరుకు తేవడానికి చేతిలో డబ్బుండదు. సరుకు లేదు కాబట్టి వచ్చినవాడు ఖాళీగా వెళ్తాడు. రెండుసార్లు ఖాళీగా వెళ్లినవాడు మూడోసారి ఫోన్ తీస్తాడు.

కొనే ధర దగ్గర తేడా గురించి అందరికీ తెలుసు, కానీ తేడా ఎక్కడ పుడుతుందో తెలిసినవాళ్లు తక్కువ. కంపెనీ సరుకు డిస్ట్రిబ్యూటర్ మీదుగా అంగడికి వస్తుంది. పెద్ద గొలుసు దుకాణాలకీ, హోల్‌సేల్ కంపెనీలకీ నేరుగా వెళ్తుంది. డిస్ట్రిబ్యూటర్ తీసుకునే భాగం అక్కడ మిగిలిపోతుంది. దీని మీదే డిస్ట్రిబ్యూటర్ల సంఘాలు 2021 చివర్లో పెద్ద కంపెనీలతో గొడవకి దిగాయి. ఒకే సబ్బుని పెద్దవాళ్లకి ఒక ధరకీ మాకు ఇంకో ధరకీ ఇస్తున్నారన్నది వాళ్ల మాట. పైగా యాప్‌కి సరుకు అమ్మకం ఒక్కటే ఆదాయం కాదు. వెతికితే తమ బిస్కెట్టే ముందు కనపడాలని కంపెనీలు డబ్బు కడతాయి, డెలివరీ రుసుము వేరే. సరుకు మీద మిగలకపోయినా వాళ్లకి నడుస్తుంది. అంగడివాడికి సరుకు మీద మిగలకపోతే ఇంకేం లేదు.

మన ఎంఆర్‌పీ పద్ధతి కూడా ఇందులో ఓ చెయ్యి వేస్తుంది. ప్యాకెట్టు మీద ముద్రించిన ధర కన్నా ఎక్కువ తీసుకోకూడదు, తక్కువకి ఎంతైనా ఇవ్వొచ్చు. అంటే చిన్నవాడికి పైన కప్పు ఉంది, పెద్దవాడికి కింద అడుగు లేదు. రాత్రి పదిన్నరకి షట్టర్ ఎత్తి ఇచ్చిన పాల ప్యాకెట్టుకి ఫ్రిజ్ ఖర్చని రూపాయి ఎక్కువ తీసుకోవడం కూడా తప్పే.

మరి చట్టం లేదా అంటే, ఉంది. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ వేదిక తానే సరుకు నిల్వ పెట్టి అమ్మకూడదని 2016 నుంచి నిబంధన ఉంది. 2018 డిసెంబరులో దాన్ని ఇంకా బిగించారు. అందుకే చాలా బిల్లుల మీద వేదిక పేరు కాకుండా ఎవరో అమ్మకందారు పేరు కనిపిస్తూ వచ్చింది. నష్టానికి అమ్మి పోటీని చంపడం 2002 కాంపిటిషన్ చట్టం నాలుగో సెక్షన్ కింద నిషిద్ధమే, కానీ అలా అమ్మేవాడు మార్కెట్లో ఆధిపత్యం ఉన్నవాడని ముందు నిరూపించాలి. మూడు కంపెనీలు తమలో తాము కొట్టుకుంటూ అమ్ముతుంటే ఏ ఒక్కరికీ ఆధిపత్యం లేదంటారు. ముగ్గురి కాళ్ల కింద పడ్డవాడికి ఈ చట్టంలో సులువైన దారి లేదు. వ్యాపారి పక్షాన ఆలోచిస్తే, కేసు ఏదో తేలేదాకా షట్టర్ ఎత్తి ఉంచడం మంచి సలహా కాదు.

మూయడానికీ ఒక పద్ధతుంది. తెరవడానికి పంచాంగం చూసినవాళ్లు మూసేటప్పుడు కోపంతో ఒక్క రాత్రిలో మూస్తారు. నష్టం అక్కడే.

మూడు నెలల ముందు నుంచీ నిదానంగా కదిలే సరుకు కొనడం ఆపాలి. లైన్‌కి వచ్చే సేల్స్‌మన్ డజనుకి ఒకటి ఫ్రీ అంటాడు. ఆ ఫ్రీ ఇప్పుడు అక్కర్లేదు. గడువు దాటినవీ పాడైనవీ డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకోవడానికి ఒక కాలపరిమితి ఉంటుంది, అది దాటకముందే లెక్క రాయించి సంతకం తీసుకోవాలి. మీరు మూసేస్తున్నారని తెలిశాక ఆ సేల్స్‌మన్ ఫోన్ ఎత్తడు. కూల్‌డ్రింక్ కంపెనీ పెట్టిన ఫ్రిజ్, ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ మీవి కావు. వాటికి కట్టిన డిపాజిట్టు రసీదు వెతికి పెట్టుకోండి. పాల క్రేట్లు డెయిరీవి, వాటినీ లెక్కపెట్టి అప్పగించాలి.

బాకీలు ముందు వసూలు చేసి, మూసే మాట తర్వాత చెప్పాలి. వరస తిరగబడితే పద్దు పుస్తకం చిత్తుకాగితమే.

జీఎస్టీ దగ్గర చాలామంది పొరబడతారు. సరుకు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పాలు లాంటి పన్ను లేని సరుకు కూడా ఆ 40 లక్షల్లో కలుస్తుంది. మన ఉదాహరణ అంగడి రోజుకి 15,000 అంటే ఏడాదికి 54.75 లక్షలు. చూడ్డానికి చిన్న కొట్టే, లెక్కలో పైన ఉంది. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లు చూసి నోటీసులు పంపినప్పుడు బెంగళూరు అంగళ్లలో క్యూఆర్ కోడ్ పీకేసి 'క్యాష్ ఓన్లీ' అని అట్టముక్కలు వేలాడదీసింది అందుకే. ఇంటి డబ్బూ అంగడి డబ్బూ ఒకే క్యూఆర్‌కి వచ్చినవాళ్లకి విడదీయడం ఇంకా కష్టమైంది. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు మూశాక ఆర్‌ఈజీ-16 దరఖాస్తుతో రద్దు చేయించుకోవాలి, రద్దయిన మూడు నెలల్లోపు జీఎస్‌టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను వేయాలి. ఈ రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ, ఆలస్య రుసుము పెరుగుతూ పోతుంది. ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) వాడుకున్నవాళ్లు మిగిలిన సరుకు మీది క్రెడిట్ తిరిగి కట్టాలి. సరుకు ఎంత తగ్గించి మూస్తే అంత మంచిదన్నది ఇందుకు కూడా.

ఇక అడ్వాన్సు. బెంగళూరు వాడుక ప్రకారం పది నెలల బాడుగ, అంటే మన అంగడికి లక్షన్నర. మూసే ఇంట్లో అన్నిటికన్నా పెద్ద మొత్తం అదే. అగ్రిమెంటులో ఉన్నన్ని నెలల ముందు నోటీసు రాతపూర్వకంగా ఇచ్చి, ఒక నకలు మీద ఓనరు సంతకం తీసుకోవాలి. ర్యాకులు విప్పాక గోడలు ఫొటో తీయాలి. పెయింటు కింద ఎంత కోస్తారో తాళంచెవి ఇవ్వకముందే మాట్లాడుకోవాలి. తాళంచెవి చేతులు మారాక బేరమాడే బలం మీకుండదు.

అన్నీ అయిపోతాయి. మర్నాడు పొద్దున ఐదింటికి మెలకువ వస్తుంది. పాల వ్యాను రాదు. ఇరవై ఏళ్లు ఆ టైముకి లేచిన ఒంటికి అంగడి మూశారని ఎవరూ చెప్పలేదు.

ఈ పోగొట్టుకున్నదాన్ని డబ్బు ఒక్కదానితో కొలవలేం. అంగడివాడికి రోజుకి రెండు వందలసార్లు ఎవరో ఒకరు "అన్నా", "శెట్టీ", "అక్కా" అని పిలుస్తారు. ఏ డబ్బాలో ఎంత ఉందో చూడకుండానే తెలుస్తుంది. చేతులు ఊరికే ఉండవు. తూకం ముల్లు నిలబడ్డాక కూడా ఒక పిడికెడు పైన వేసే కొసరు ఉంటుంది, కూరగాయల మీద నాలుగు కరివేపాకు రెబ్బలు. యాప్ కూపన్ ఇస్తుంది, కొసరు ఇవ్వదు. మూశాక టీవీ ముందు కూర్చున్నవాడికి లోటనిపించేది ఇలాంటివే. మిద్దెతోట కొందరికి ఊరట ఇవ్వడానికి కారణం పచ్చదనమనీ ప్రశాంతతనీ చెబుతారు గానీ, దగ్గరగా చూస్తే అది అంగడి పనినే పోలి ఉంటుంది. పొద్దున్నే తెరవాలి, ఏది అయిపోయిందో చూడాలి, పాత సరుకు ముందు తీయాలి, పురుగు పట్టిందేమో వెతకాలి, చేతినిండా ఎవరికైనా ఇవ్వాలి. పక్క వీధిలో ఇంకొకడు తక్కువకి అమ్మినంత మాత్రాన మీ మెంతికూర వాడిపోదు.

ఒక హెచ్చరిక ఇక్కడే. "మిద్దె మీద సాగు చేసి నెలకి ఇంత సంపాదించండి" అని మన్ను లేకుండా నీళ్లలో మొక్కలు పెంచే హైడ్రోపోనిక్ సెట్టు అమ్మేవాళ్లు, మైక్రోగ్రీన్స్ (లేత మొలకల ఆకులు) శిక్షణ ఇచ్చేవాళ్లు అడ్వాన్సు డబ్బు చేతికొచ్చిన మనిషిని వెతుక్కుంటూ వస్తారు. ఆ లక్షన్నర అక్కడ పెట్టకండి. మళ్లీ కొనుగోలు ధర, అమ్మకం ధర, పెద్ద కంపెనీ పోటీ, అన్నీ అక్కడా ఉన్నాయి. తోటని ఆదాయం లెక్కలోంచి పూర్తిగా తీసేసి, మొక్కలు పెంచే సంచులు (గ్రో బ్యాగులు) ఇరవైతో మొదలుపెట్టడమే మేలు.

ముందు కప్పు సంగతి. మనుషులు తిరిగే చదును మిద్దెకి భారత ప్రమాణాల ప్రకారం లెక్కేసే బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు, తిరగని కప్పుకి దాంట్లో సగం. 12 అంగుళాల గ్రో బ్యాగులో ఒట్టి ఎర్రమన్ను నింపి తడిపితే ఒక్కోటి 30 కిలోలు దాటుతుంది. మన్ను, కంపోస్టు, కొబ్బరి పొట్టు సమంగా కలిపితే 20, 22 కిలోల దగ్గర ఆగుతుంది. చదరపు మీటరుకి నాలుగు సంచుల కన్నా మించకుండా, పిట్టగోడ వెంట, దూలాల మీదుగా వరసలో పెట్టాలి. నడిమధ్యలో గుంపుగా పెట్టకూడదు. ప్రతి సంచి కింద రెండు ఇటుకలు పెడితే నీళ్లు కారిపోతాయి, ఊడ్చుకోవచ్చు, వేరు గచ్చులోకి దిగదు. అద్దె ఇల్లయితే ఓనరుని అడగాలి. బెంగళూరులో మిద్దె కారితే ముందు వేలు చూపించేది కుండీల వైపే.

ఇరవై సంచులకి మొత్తం మిశ్రమం సుమారు 360 లీటర్లు. మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 120. కొబ్బరి పొట్టు 5 కిలోల దిమ్మలు రెండు చాలు. ఒక్కో దిమ్మని 25 లీటర్ల నీళ్లలో నానబెడితే 60 లీటర్లకి పైగా పొంగుతుంది. ఆ మొదటి నీళ్లు పారబోసి ఇంకోసారి కడగాలి, పొట్టులో ఉప్పు ఉంటుంది. కడగకుండా వేస్తే మొలకల ఆకుల అంచులు కాలినట్టు ఎండుతాయి, నీళ్లు చాలలేదేమో అని ఇంకా పోస్తారు. వేపపిండి సంచికి 50 గ్రాములు, అంటే మొత్తం కిలో. బెంగళూరు ఎర్రమన్ను ఒంటరిగా వేస్తే రెండు నెలల్లో ఇటుకలా బిగుసుకుంటుంది కాబట్టి ఆ మూడో భాగం దాటనివ్వొద్దు.

అంగడి నుంచి వచ్చిన సామాను చాలావరకూ పనికొస్తుంది, కొన్ని మోసం చేస్తాయి. 25 కిలోల బియ్యం సంచులు బాగున్నట్టే ఉంటాయి గానీ ఒక ఎండాకాలం దాటితే పట్టుకున్న చోట పొడిపొడిగా రాలి ప్లాస్టిక్ పోగులు మన్నులో కలుస్తాయి. వాటిని లోపలి పొరగా వాడుకోవచ్చు, కుండీగా వద్దు. నూనె డబ్బాలు ఎండకి కాగిపోతాయి, అడుగు తుప్పు పడుతుంది. వాడాలంటే సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి, అడుగున అర అంగుళం బెజ్జాలు ఆరు కొట్టి, నీడ తగిలే చోట పెట్టాలి. కూరగాయల ప్లాస్టిక్ క్రేట్లు మాత్రం ఆకుకూరలకి బంగారం. లోపల షేడ్‌నెట్ పరిచి ఏడెనిమిది అంగుళాలు నింపితే చాలు. ఇనుప ర్యాకు కూడా నిలుస్తుంది, గోడకి బిగించి కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో వానకి ముందు వచ్చే గాలి దాన్ని పడగొడుతుంది.

పురుగు పట్టి అమ్ముడుపోని శనగపిండి, నల్లబడ్డ బెల్లం మిగిలి ఉంటే పారేయొద్దు, జీవామృతం అనే ద్రవ ఎరువు చేసుకోవచ్చు. 20 లీటర్ల నీళ్లకి కిలో ఆవుపేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పిండి, తోటలోది పిడికెడు మన్ను. నీడలో గోనెపట్టా కప్పి, రోజుకి రెండుసార్లు కర్రతో తిప్పితే రెండు రోజుల్లో జీవామృతం తయారు. వారంలోపు వాడేయాలి, ఒక మగ్గు జీవామృతానికి పది మగ్గుల నీళ్లు కలిపి మొదళ్లలో పోయాలి. మూత బిగించి పెడితే కుళ్లు కంపు కొడుతుంది, అది ఇంక పనికిరాదు. గడువు దాటిన నూనె మాత్రం కంపోస్టులోనూ వేయకండి, గాలాడక ముద్దవుతుంది.

విత్తనాలు కూడా సగం అంగట్లోనే దొరుకుతాయి. మెంతులు, ధనియాలు, ఆవాలు, వెల్లుల్లి, అల్లం. కానీ మీ డబ్బాలో ధనియాలు ఎన్నాళ్లవో మీకే తెలుసు. ఇరవై గింజలు తడిబట్టలో చుట్టి పెట్టండి, రోజూ చిలకరించండి. మెంతులు మూడు రోజులకి, ధనియాలు పది, పన్నెండు రోజులకి తేలుస్తాయి. ఇరవైలో పన్నెండు మొలిస్తే విత్తొచ్చు. అంతకన్నా తక్కువైతే చారుపొడికి. ధనియం గింజ నిజానికి రెండు విత్తనాల జత. చపాతీ కర్రతో మెల్లగా నొక్కి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి విత్తాలి. గట్టిగా నూరితే మొలక ముక్కు విరుగుతుంది. ధనియాలు మొలవలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆరో రోజునే మన్ను తవ్వి చూసినవాళ్లు.

మెంతికూరకి అంగడి బుద్ధి సరిగ్గా సరిపోతుంది. నాలుగు క్రేట్లు పెట్టి వారానికొకటి విత్తండి. నాలుగోది విత్తిన నాలుగు రోజులకి మొదటిది కోతకి వస్తుంది, సుమారు 25 రోజులు. కోసిన క్రేటులో రెండు గుప్పెళ్ల కంపోస్టు కలిపి మళ్లీ విత్తడమే. పాత సరుకు ముందు, కొత్త సరుకు వెనక. మిగిలిపోయిన పద్దు పుస్తకంలోనే ఇది రాసుకోవచ్చు: తేదీ, క్రేటు నంబరు, ఏం విత్తారు, ఎప్పుడు కోశారు. మనుషుల పేర్లున్న చోట కూరల పేర్లు వస్తాయి.

అంగడి అలవాట్లు రెండు మాత్రం తోటని చంపుతాయి. ఒకటి, ఎక్కువ కొంటే తగ్గింపు కదా అని ఒకేసారి అరవై సంచులు తేవడం. రెండోది, ఖాళీగా కూర్చోలేక నీళ్లు పోయడం. మూసిన కొత్తలో చేతిలో టైము బోలెడు, అందుకని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పోస్తారు. ఆకు పసుపుగా మారి వాలుతుంది, దాహమనుకుని ఇంకా పోస్తారు, వేరు కుళ్లుతుంది. రెండు అంగుళాల లోతుకి వేలు దింపి చూడాలి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు లేవు. ఎండాకాలంలో కూడా 12 అంగుళాల సంచికి రోజుకి లీటరు, లీటరున్నర చాలు. చేతులకి పని కావాలంటే ఎండుటాకులు ఏరండి, పిందెలు లెక్కపెట్టండి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి, 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకి వాడొద్దని నిషేధించి, మీరితే 5,000 రూపాయల జరిమానా అంది. అలాంటి ఎండాకాలం మళ్లీ రాదని నమ్మకం లేదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బకెట్టులో పట్టడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. ఆర్‌ఓ వదిలేసిన నీళ్లలో ఉప్పెక్కువ, సగానికి సగం మామూలు నీళ్లు కలిపి పోయాలి, అదీ రోజూ కాదు. సబ్బు నీళ్లు ఆకుకూరలకి వద్దు.

పురుగుల్లో మొదట వచ్చేది పేనుబంక, మొండిగా ఉండేది పిండినల్లి. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెల సబ్బు. సబ్బుని ముందు నూనెలో కలిపి, తర్వాత నీళ్లు పోయాలి, లేదంటే నూనె పైనే తేలి మొదటి పిచికారీలో ఒట్టి నీళ్లు, ఆఖర్లో ఒట్టి నూనె పడి ఆకు మాడుతుంది. సాయంత్రం ఆకు అడుగున కొట్టాలి, వారానికి ఒకసారి. మిరప ఆకులు పైకి ముడుచుకుంటే ఎక్కువగా తామర పురుగు. ముడుచుకున్న కొసలు తుంచేసి కొట్టాలి, చెట్టంతా ముడుచుకుపోతే పీకేయడమే నయం. కోతులొచ్చే పేటల్లో టమాటా మీద ఆశ పెట్టుకోవద్దు.

నారుకీ మొక్కలకీ లాల్‌బాగ్‌లోని నర్సరీ సహకార సంఘం, సిద్ధాపుర నర్సరీలు ఉన్నాయి. కూరగాయల విత్తనాలు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవి తీసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. బెండకి అర్క అనామిక పల్లాకు తెగులుని తట్టుకునేలా తీసిన రకం, టమాటాకి అర్క రక్షక్ మూడు తెగుళ్లని ఆపుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో బెంగళూరు వాన ఎక్కువ, ఆ రెండు నెలలూ టమాటా ఆకు మచ్చలతో పోతుంది. అక్టోబరు చివర నారు పోస్తే బతుకుతుంది.

తోట అన్నిటికీ మందు కాదన్నది కూడా చెప్పాలి. నిద్ర వారాల తరబడి పట్టకపోతే, అన్నం సహించకపోతే, బాకీలవాళ్ల ఫోన్‌కి గుండె దడదడలాడుతుంటే మొక్కల దగ్గర కూర్చుంటే సరిపోదు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ వాళ్లు తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవకి పెద్దదిక్కు ఈ ఊళ్లోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్సే.

తెలుగువాళ్ల మిద్దె మీద తప్పకుండా కనిపించేవి రెండు, గోంగూర, అనప (చిక్కుడు జాతి గింజ, కన్నడంలో అవరె). రెండూ పగటి వెలుతురు పొడవుని చూసి నడిచే మొక్కలు, అందుకే నెల తప్పితే తెలివితేటలు పనిచేయవు. గోంగూర పగలు తగ్గుతుంటే పూతకొస్తుంది. దసరా దాటాక విత్తితే జానెడు కూడా ఎదగకుండానే మొగ్గ వేస్తుంది. ఫిబ్రవరి నుంచి జూలై లోపు సంచికి మూడు మొక్కలు ఉంచి, అడుగెత్తు రాగానే కొస తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది, తర్వాత పది రోజులకోసారి కోయొచ్చు. ఎంత కోస్తే అంత చిగురు. అనప దగ్గర మనకి కావాల్సింది ఆకు కాదు, ఆ పూతే. నాటు రకం పగలు తగ్గితేనే పూస్తుంది కాబట్టి జూన్, జూలైలో విత్తితే డిసెంబరు, జనవరిలో కాయ. ఫిబ్రవరిలో విత్తినవాళ్లకి పిట్టగోడంతా తీగే, కాయ ఉండదు. ఏ నెలైనా కావాలంటే ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం తీసిన హెబ్బాళ అవరె-3, 4 రకాలు పొట్టిగా పెరిగి రెండున్నర, మూడు నెలల్లో కాస్తాయి. నాలుగు సంచులకి ఒక కోతలో వచ్చే గింజలు నానబెట్టి పితికితే ఇద్దరికి ఒక పూట కూర. పక్కింటికి గిన్నె పంపాలంటే ఇంకో రెండు సంచులు విత్తుకోవాలి.